రాజు రాసిచ్చిన రాయి

"రాయి దొరక్కపోతే రేపు విచారణలో ఏం చూపిస్తాంరా?" అంది ఎలిజబెత్.

తమ్ముడు దావీదు తల్లి సమాధిని తువ్వాలుతో తుడుస్తున్నాడు. శాంతమ్మ పోయి నెల దాటింది. దావీదుది ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర ఇరవై ఏళ్లుగా ఉలి పట్టిన చెయ్యి గనుక, తల్లికి చేసిన సమాధి రాయి నిగనిగలాడుతోంది. వాడికి అక్షరం ముక్క రాదు. నంద్యాలలో టీచరుగా ఉన్న ఎలిజబెత్ ఆళ్లగడ్డకు పోయి సుద్దతో అమ్మ పేరు రాసిస్తే, దాని మీదే చెక్కాడు.

"ఈ మూలన నెలవంక ఏందిరా? పాస్టరు ఏమంటాడో."

"నేను చెక్కలేదక్కా. రాతి మీదే ఉండె. బాగుందని వదిలేసినా."

సమాధులున్న ఈ నాలుగెకరాలూ తనవేనని కొట్టు సోమశేఖర్ దావా వేశాడు. గెలిస్తే దున్నేస్తానని నలుగురిలో అన్నాడు కూడా. తమ కొత్తపల్లె పేటవాళ్ల దగ్గర కాగితం లేదు. ఉన్నదల్లా శాంతమ్మ బతికినన్నాళ్లూ చెప్పిన మాట, "మనకు రాజు రాతి మీద రాసిచ్చినాడు" అని. ఆ రాయి ఎక్కడుందో ఆమెకూ తెలియదు.

"సోమశేఖరే మాయం చేసింటాడు," అన్నాడు దావీదు.

"అడిగినా. దేవుని మీద ఒట్టేసినాడు."

"వాని ఒట్టు ఎవురు నమ్ముతారు?"

అంతలో శాసనాల మీద పరిశోధన చేస్తున్న హిమబిందు కారు దిగి వచ్చింది. చేతిలో పాత పుస్తకం జిరాక్సు ఉంది.

"మీ అమ్మగారు చెప్పింది నిజమేనండీ. వందేళ్ల కింద ఒక దొర ఆ రాయిని చూసి రాసుకున్నాడు. డప్పు కొట్టేవాళ్లు ఊరి బయటే ఉండాలి, అక్షరం నేర్వకూడదు అని రాజు ఆజ్ఞ. యుద్ధంలో డప్పు కొట్టినందుకు మాత్రం నాలుగెకరాలు, సూర్యచంద్రులు ఉన్నంతవరకు."

ఎంత దయగల రాజు! భూమి రాసిచ్చాడు, రాసింది చదివే దారి మూసేశాడు.

"ఈ కాగితం చాలదా మేడం?" అడిగింది ఎలిజబెత్.

"చాలదు. రాయే కావాలి. అది చూపిస్తే ఈ నేలను ఎవరూ ముట్టుకోలేరు."

"ఆ దొర దాన్ని యాడ చూసినాడంట?"

హిమబిందు కాగితం తిప్పింది. "పేటలో చిన్నబావి పక్కన. అక్షరాలు నేలవైపు ఉన్నాయట. ఆడవాళ్లు దాని మీద బట్టలు ఉతుకుతున్నారట. అక్షరాల పైన నెలవంక గుర్తు."

ఎలిజబెత్ బట్టల మాట దగ్గరే, మిగతాది వినకుండా, ఎగిరి గంతేసినంత పని చేసింది. "అది మా అమ్మ ఉతికే బండ మేడం. జీవితమంతా దాని మీదనే ఉతికింది. పారా దావీదూ, పోయి తిరగేద్దాం."

దావీదు కదల్లేదు.

"అమ్మ చేతులు అరిగిన రాయి కదాని ఆళ్లగడ్డకు తీసుకపోతి..." మళ్లీ తుడవసాగాడు. "పై పక్కంతా గుంతలు పడింటే, నేనే తిరగేసినా."

తువ్వాలు నెలవంక దగ్గర ఆగిపోయింది. ఎలిజబెత్ అద్దంలాంటి ఆ నునుపు వైపు, దాని మధ్యలో తన చేతిరాత వైపు చూసింది.

"పిచ్చిగీతలనుకుని చెక్కేసినానక్కా."