చామంతుల దొంగ

"ఎవడ్రా నువ్వు?"

సుస్మిత అరుపుకి సమాధుల తోటలో ఉన్న జనమంతా ఇటు తిరిగారు.

ఆమె అప్పుడే నాన్న సమాధి మీద పరిచిన చామంతి దండలోంచి ఓ ముప్ఫై ఏళ్ళ మనిషి పూలు పీకి జేబులో కుక్కుకుంటున్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు అతనూ, ఎటో చూస్తూ.

"దొంగతనం చేసిందే కాక, ఎదురు మాట్లాడతావా?"

"ఎదురు మాట్లాడతావా?"

సుస్మితకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? నాన్న యాకోబుని మట్టి చేసిన నెలకే కువైట్‌లో నర్సు ఉద్యోగానికి వెళ్ళిపోయింది. ఆరేళ్ళ తర్వాత ఇదే మొదటి సమాధుల పండగ ఆమెకి. ఊళ్ళో క్రైస్తవులంతా తమవాళ్ళ సమాధులకి సున్నం కొట్టి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించుకునే రోజు. ఇన్నాళ్ళూ ఆ పని శ్యామ్ బాబు బాబాయే చేశాడు. చేసి, ఏటా వాట్సాప్‌లో ఫొటో పంపేవాడు.

ఆ ఫొటోల్లో ఒకటి సుస్మిత ఫోన్‌లో ఎప్పుడూ ఉంటుంది. పూలు కప్పుకున్న సమాధి, అంచున కొవ్వొత్తి నిలబెడుతున్న ఓ చెయ్యి. గోళ్ళు పూర్తిగా కొరికేసిన వేళ్ళు. పాపం, బాబాయికి ఎన్ని బెంగలో అనుకునేది. కొడుకుల్లేని నాన్నకి కొడుకయ్యాడని, డ్యూటీకి వెళ్ళేముందు రోజూ ఆ చేతికి ముద్దు పెట్టుకునేది.

ఇప్పుడు ఆ ఫోనే పైకెత్తింది.

"చూడండి ఫ్రెండ్స్! పోయినవాళ్ళ పూలు కూడా వదలట్లేదు వీడు!"

ఆ గోలకి అతను చెవులు రెండూ మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

ఆ వీడియోకి 'చామంతుల దొంగ' అని పేరు పెట్టి వదిలింది. తెల్లారేసరికి రెండు లక్షల మంది చూశారు.

"గంజాయి బ్యాచ్" అని రాశాడొకడు. "పొగరు చూడు, కళ్ళలోకైనా చూడట్లేదు" అందొకావిడ. "పిల్లల్నెత్తుకుపోయేవాడిలా ఉన్నాడు, జాగ్రత్త" అన్నాడు మూడోవాడు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు పెద్దవాళ్ళు. బొటనవేలితో తోసుకుంటూ పోయేవాళ్ళకి నిలకడెక్కడిదండీ!

మూడోరోజు పొద్దున్నే ఓ ముసలావిడ గుమ్మంలో నిలబడింది.

"నా పేరు కాంతమ్మండి. ఆ వీడియోలో ఉన్నది నా కొడుకండి, అభిషేకు. వాడికి ఆటిజం అండి. మనమేదంటే అదే తిరిగి అంటాడు తప్ప, ఎదురు మాట్లాడ్డం వాడికి తెలీదండి."

"అయితే ఇంట్లో ఉంచుకోవాలి కదండీ. పూలు దొంగతనం చేస్తుంటే చూస్తూ ఊరుకోవాలా?"

"దొంగతనం కాదమ్మా. ఒక్క పువ్వు కూడా ఇంటికి తేడండి. వాళ్ళ నాన్న ఆ తోటలోనే గోతులు తవ్వేవారండి. ఆయన చెప్పేవారూ, పండగనాడు..."

సుస్మిత ఫోన్ మోగింది. హైదరాబాదు నుంచి ఏదో ఛానెల్‌వాళ్ళు.

"ఒక్క నిమిషం సార్," అని, కాంతమ్మ వైపు తిరిగింది. "రేపు తీసేస్తాను లెండి."

"ఆయ్. అలాగేనండి. మర్చిపోకండమ్మా. వాణ్ణి చూసి పిల్లలు రాళ్ళేస్తన్నారండి."

చేతులు జోడించి వెళ్ళిపోయింది.

సుస్మిత మర్చిపోలేదు. ఇంకో లక్షమంది చూశాక తీసేద్దామనుకుంది, అంతే.

ఆ మర్నాడే కొత్తపేట సెంటర్లో నలుగురు కుర్రాళ్ళు అభిషేక్‌ని గుర్తుపట్టారు.

"ఏరా, చామంతుల దొంగా!"

"చామంతుల దొంగా!" అన్నాడు అతను.

"మమ్మల్నే అంటావట్రా?"

కొట్టారు. చుట్టూ ఇరవై ఫోన్లు లేచాయి, అడ్డుపడడానికి ఒక్క చెయ్యి లేవలేదు. అతను చెవులు గట్టిగా మూసుకుని రోడ్డుకి అడ్డంగా పరిగెత్తాడు. లారీ హారన్ అతనికి వినపడలేదు.

అతను పోయాడని తెలిసిన సాయంత్రమే సుస్మిత వీడియో తీసేసింది. అప్పటికది ఎన్ని వందల ఫోన్లలోకి పాకిందో ఆ దేవుడికే తెలియాలి.

కువైట్ తిరుగు ప్రయాణం రోజున శ్యామ్ బాబు సాయానికి వచ్చాడు. పెట్టెకి తాడు కడుతున్నాడు.

"వచ్చే ఏడూ నాన్న దగ్గర పూలు నువ్వే పెట్టు బాబాయ్. నాకిక ఆ తోటలోకి వెళ్ళే మొహం లేదు," అంది ఏడుస్తూ.

అతను తాడు ఇంకో చుట్టు తిప్పాడు. సుస్మిత చూపు ముడి వేస్తున్న వేళ్ళ మీద పడింది. గోళ్ళు గుండ్రంగా, శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"నువ్వు గోళ్ళు కొరుక్కోవూ?"

"ఛ, నాకా అలవాటెక్కడిదమ్మా?"

ఆమె ఫోన్‌లో పాత ఫొటో తీసి అతని ముందు పెట్టింది.

"మరి ఇదెవరి చెయ్యి?"

శ్యామ్ బాబు తాడు వదిలేసి పెట్టె మీద కూర్చున్నాడు.

"అదే రోజు మీ పిన్ని వాళ్ళ నాన్న సమాధి కూడా చూసుకోవాలి కదమ్మా, రాజోల్లో. అక్కడ ముగించుకుని నేనొచ్చేసరికి ఇక్కడ పూలూ కొవ్వొత్తులూ పెట్టేసి ఉండేవి. ఏటా అంతే. పూలెక్కువున్న చోట నాలుగు తీసి, ఎవరూ రాని సమాధుల మీద పెడతాడు ఆ అబ్బాయి. నేను ఫొటో తీసి నీకు పంపేవాణ్ణి. ఒక్క ఏడు మాత్రం అతను కొవ్వొత్తి నిలబెడుతుండగా వచ్చాను, ఇది అప్పటి ఫొటోనే."

"వీడియో పెట్టిననాడే చెప్పొచ్చు కదా బాబాయ్!"

"చెప్తే, నేను పెట్టట్లేదని నీకు తెలిసిపోద్దని..."

సుస్మిత మళ్ళీ ఫోన్ వైపు చూసింది.

ఆరేళ్ళుగా రోజూ ఆమె ముద్దు పెట్టుకున్నది, దొంగ చెయ్యి అని తానే ఊరందరికీ చూపించిన ఆ చేతినే.