కలెక్టరమ్మ తనిఖీ

“ఏటే అమ్మీ, మళ్ళీ ఆ డబ్బా మూత ఎత్తుతోందేటి?” అప్పమ్మ కూతురి చెయ్యి గిల్లింది.

కొరాపుట్ సంతవీధి మధ్యలో ఫియోనా చెత్తడబ్బా మూత తీసి, లోపలికి తొంగి చూసి, ఫోనులో ఫొటో తీసుకుంటోంది. గుడీ, మ్యూజియమూ, కొండలూ అన్నీ చూసింది. ఇక్కడికొచ్చాక మాత్రం డబ్బా దగ్గరే నిలబడిపోయింది.

“సూడనియ్యమ్మా. కలెక్టరు కదా, ఊరుకోలేదు,” అంది సోని. అంది గాని, దాని మొహంలో కూడా నెత్తురు చుక్క లేదు.

రాయగడలో డిగ్రీ చదివే సోనికీ, స్కాట్లండులో ఉండే ఫియోనాకీ ఫోనులో చదరంగం ఆడుతూ స్నేహం కుదిరింది. రెండేళ్ళపాటు ఒకరి గుర్రాలను ఒకరు చంపుకున్నాక, మీ దేశం చూడాలనుంది, మీ ఇంట్లో మూడు రోజులుంటానని రాసింది ఫియోనా. సోని ఎగిరి గంతేసింది. నువ్వేం ఉద్యోగం చేస్తావని అప్పుడే మొదటిసారి అడిగింది. జవాబులో రెండు మాటలున్నాయి. మొదటిది శాఖ పేరు కాబోలనుకుని పట్టించుకోలేదు. రెండోది కలెక్టరు. ఆ మాట చూశాక, మరి మీ అమ్మగారేం చేస్తారన్న ప్రశ్నకు సోని వేళ్ళు నిజం రాయలేకపోయాయి. మునిసిపాలిటీలో పెద్ద గుమాస్తా అని రాసేసింది.

అప్పమ్మ మునిసిపాలిటీ మనిషే. పదహారేళ్ళుగా రాయగడ వీధులు ఊడుస్తోంది.

అందుకని ఊడ్చేటప్పుడు చీర మీద తొడుక్కునే నారింజ రంగు జాకెట్టు ట్రంకుపెట్టె అడుక్కి చేరింది. చీపురు పక్కింటి బాలామణి ఇంటికి వెళ్ళింది. బాలామణిదీ అదే పని. ఈ మూడు రోజులూ అప్పమ్మ వీధి కూడా తనే ఊడుస్తానని మాటిచ్చింది.

వచ్చిన మనిషి మంచిది కాకపోయినా బాగుండేది. చేత్తో అన్నం కలుపుకుని, కారానికి కళ్ళు తుడుచుకుంటూనే మారు వడ్డించుకుంది. కొరాపుట్ రైల్లో సొరంగం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకేసింది. అప్పమ్మకు ఆవిడ మీద ఇష్టం పెరిగింది. ఇష్టంతోపాటు భయమూ పెరిగింది.

ఇప్పుడు డబ్బా వదిలి, అటుగా వచ్చిన చెత్త ట్రాక్టరును చెయ్యెత్తి ఆపింది ఫియోనా. రోజుకెన్ని ట్రిప్పులు? లోడెత్తేది ఎందరు? చేతులకు గ్లౌజులున్నాయా? ఒక్కొక్కటే సోని చేత అడిగించి, బుర్ర ఊపుతూ విన్నది.

“ఇది ఊరు సూడ్డానికొచ్చిన వాలకం కాదే. తనికీయే,” అంది అప్పమ్మ, ట్రాక్టరు కదిలాక. “రేపు రాయగడలో ఎవులైనా నన్ను పేరెట్టి పిలిసి, సీపురేదీ అనడిగితే?”

“రేపు మజ్జాన్నం రైలెక్కేస్తాదమ్మా. అందాకా ఓర్సుకో.” సోని ఫియోనా వైపు చూసింది. “నీ పని తెలిసినకాడి నుంచీ కాలేజీలో నా పక్కన ఎవులు కూకుంటన్నారు? ఈవిడొక్కర్తే మిగిలింది నాకు.”

అప్పమ్మ కూతురి చెయ్యి పట్టుకుని ఫియోనా వెనకే నడిచింది.

మర్నాడు రాయగడలో ఇంకా తెల్లవారకముందే బాలామణి దుప్పటి కప్పుకుని గుమ్మంలోకి వచ్చింది.

“అప్పా, ఒళ్ళు కాలిపోతంది. ఈయాల నావల్ల కాదు. నీ ఈధి నువ్వే సూసుకో.”

అప్పమ్మ లోపలికి చూసింది. ఫియోనా చాప ఖాళీగా ఉంది. నాలుగింటికే లేచి స్టేషను వైపు నడకకు పోయి, ఆరు దాటాక రావడం ఆవిడకు అలవాటు. తన వీధి ఊరికి ఈ చివర. ఆరింటికల్లా ఊడ్చి వచ్చేస్తే ఎవరికీ తెలియదు. ట్రంకుపెట్టెలోంచి జాకెట్టు లాగి తొడుక్కుని, బాలామణి ఇంటి నుంచి చీపురూ చెత్తబండీ తీసుకుంది.

ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఊడ్చింది. వీధి పూర్తయింది, బండి నిండింది. ఇంటికి ఇంకో పావుగంట అనుకుంటుండగా తోపుడు బండి చక్రం కాలవ గట్టున దిగబడింది. తోసింది. కదల్లేదు. మళ్ళీ తోసింది.

పక్కనుంచి రెండు తెల్లటి చేతులు వచ్చి బండి పిడిని పట్టుకున్నాయి.

“బాబోయ్, వద్దమ్మా! ముట్టుకోకండి!”

ఫియోనా వినలేదు. చక్రానికి కాలు అడ్డం పెట్టి, బండిని కాస్త తన వైపుకు వంచి, ఒక్క తోపు తోసింది. బండి రోడ్డెక్కింది. అప్పుడు తిరిగి అప్పమ్మ జాకెట్టును కిందినుంచి పైదాకా చూసింది. అప్పమ్మ చీపురు వెనక దాచుకోబోయింది. అంత చీపురు ఎక్కడ దాగుతుంది?

బాలామణి కబురు చెప్పినట్టుంది, సోని పరుగెత్తుకుంటూ వచ్చింది. ఇద్దరినీ, మధ్యలో బండినీ చూసి ఆగిపోయింది. ఇక దాచేదేమీ లేదు.

“అబద్ధం చెప్పాను,” అంది ఇంగ్లీషులో, వెక్కుతూ. “మా అమ్మ గుమాస్తా కాదు. వీధులు ఊడుస్తుంది. నువ్వేమో కలెక్టరువి, తెలిస్తే నాతో మాట్లాడవని…”

“కలెక్టరునైతే?” ఫియోనాకు ఏమీ అర్థం కాలేదు.

“కలెక్టరంటే జిల్లాకంతటికీ పెద్ద కదా! కారు, బంగళా, జవాన్లు…”

ఫియోనా నుదురు కొట్టుకుంది. తర్వాత సోని భుజం మీద చెయ్యి వేసి, తను అప్పుడు రాసిన రెండు మాటల్నీ నెమ్మదిగా విడమరిచి చెప్పింది. సోని రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“ఏటంటోందే? కోపమొచ్చిందా?” అప్పమ్మ చీపురు కింద పడేసింది. “నాను దండమెట్టి సెప్తాను, తప్పు నాదేనని. ఏటందో సెప్పవే!”

సోని ఏడుస్తూనే నవ్వేసింది.

“అమ్మా, ఈవిడ కలెక్టు సేసేది సెత్తట!”