పదిహేడో కడ్డీ

దొంగతనానికి తల్లి గురువారం మధ్యాహ్నం ఒంటిగంటను ఎంచుకుంది. ఆ వేళకు కూతురి ల్యాబులో అందరూ భోజనాలకు లేస్తారు. చేతిలో క్యారియరు ఉంటే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు.

దొంగిలించవలసింది జానెడు ఉక్కు కడ్డీ. కూతురి మూడేళ్ల చదువు మొత్తం అందులోనే ఉంది.

ఆదివారం కూతురు దాన్ని ఇంటికి తెచ్చి చూపించింది. రెండు ఉక్కు ముక్కల్లో ఒకదాన్ని గిరగిరా తిప్పుతూ రెండోదానికి ఒత్తితే, ఆ రాపిడి వేడికే రెండూ మెత్తబడి అతుక్కుపోతాయట. ఆ తర్వాత లోహపు పొడిని మంటలో కరిగించి పైన చిమ్మారట. ఆ బూడిదరంగు పూత కింద అతుకు ఎక్కడుందో కంటికి కనబడదు.

"శుక్రవారం దీన్ని మిషన్లో పెట్టి రెండువైపులా లాగి తెంచుతారమ్మా."

"తెంచుతారా! తెంచడానికా మూడేళ్లు తిండీ నిద్రా మానేసి అతికించావు?"

"ఎక్కడోచోట తెగాలమ్మా. అతుకు దగ్గర మాత్రం తెగకూడదు. ఇప్పటికి పదహారు తెగాయి, పదహారూ అతుకు దగ్గరే. ఇదీ అక్కడే తెగిందనుకో, నా గడువు అయిపోయింది. ఇక డిగ్రీ లేదు, ఏమీ లేదు."

కూతురు నవ్వుతూనే చెప్పింది. తల్లికి మాత్రం గుండెలో రాయి పడింది. అసలే ఆవిడ భయాలకు సెలవులుండవు. కుక్కరు మూడు కూతలు వేస్తే, నాలుగోదానికి పేలుతుందని వీధిలోకి పరుగెత్తే మనిషి. పిల్ల స్నానానికి వెళ్లగానే కడ్డీ పొడవూ లావూ దారంతో కొలిచి పెట్టుకుంది.

బుధవారం వీధి చివర లేతు షాపుకు వెళ్లింది. అరిగిపోయిన ఇరుసులకు లోహపు పూత చిమ్మి మళ్లీ బతికించే మేస్త్రీ అతను. పిల్లను చిన్నప్పటినుంచీ ఎరుగును.

"తమ్ముడూ, ఈ కొలతకు అతుకులేని కడ్డీ ఒకటి కావాలి. పైన బూడిదరంగు పూత వెయ్యి. ఎందుకని మాత్రం అడగకు."

మేస్త్రీ దారం వంకైనా చూడలేదు. "కొలతలు నాకు తెలుసులే అక్కా. రేపు పొద్దున రా."

"తప్పంటావా?"

"నేనేమన్నాను? అంటున్నది నువ్వేగా!"

గురువారం ల్యాబులో, కూతురు చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే తల్లి సొరుగు లాగింది. కడ్డీకి ఉన్న 'పదిహేడు' చీటీని విప్పి, మేస్త్రీ ఇచ్చిన కడ్డీకి కట్టింది. ముడి మూడుసార్లు జారింది. సొరుగులోది క్యారియరు అడుగు గిన్నెలో ఇల్లు చేరి, పాత దుప్పట్ల మధ్య దాక్కుంది.

శుక్రవారం ల్యాబు కిటికీ బయట నిలబడి తల్లి లోపలికి తొంగిచూసింది. మిషను రెండు దవడలూ కడ్డీని పట్టుకుని లాగాయి. లాగుతున్నాయి. ఇంకా లాగుతున్నాయి. ఠాప్ మని తెగింది.

కూతురి చదువు చూసే పెద్దసారు ముక్కలు కొలిచాడు. "అతుకు ఉండాల్సిన చోటికి రెండు వేళ్ల ఎడంలో తెగింది. శభాష్!"

తల్లి కళ్లు తుడుచుకోబోయింది.

"ఇక ఈ పెద్ద ముక్కను నిలువునా కోసి, అతుకు ఎలా ఉందో భూతద్దంలో చూద్దాం," అన్నాడు పెద్దసారు.

తల్లి కిటికీ చువ్వలు పట్టుకుంది. కోసి చూస్తారని ఎవరికి తెలుసు! లోపల కూతురి ముఖమూ పాలిపోయింది. నా దొంగతనం పిల్లకు తెలిసిపోయినట్టుందే అని ఆవిడ హడలిపోయింది. చదువు పోతుంది. పరువు పోతుంది. పోలీసులొస్తారు. జైల్లో క్యారియరు ఎవరు తెస్తారు?

గంట తర్వాత పెద్దసారు భూతద్దం మీంచి తలెత్తాడు. "అతుకు గీత వెంట్రుకంత సన్నగా ఉంది. ఎక్కడా చిన్న లోపం కూడా లేదు."

"అతుకుందా?"

లోపలినుంచి కూతురూ, కిటికీ బయటినుంచి తల్లీ ఒక్కసారే అడిగారు.

"మీ ఇంట్లో అందరికీ అనుమానాలేనా అమ్మా!" అంటూ పెద్దసారు నవ్వి సంతకం పెట్టాడు.

తల్లి తిన్నగా లేతు షాపుకు పరుగెత్తింది. "తమ్ముడూ, అతుకులేనిది ఇమ్మంటే అతుకున్నది ఎలా ఇచ్చావు? పిల్ల చేసినదేమో నా దుప్పట్లలో దాచాను, అదృష్టం బాగుండి గట్టెక్కాం కానీ!"

మేస్త్రీ చేతులకంటిన గ్రీజు తీరిగ్గా గుడ్డకు తుడుచుకున్నాడు.

"అతుకులేనిది నీ దుప్పట్లలో ఉందక్కా, మీ అమ్మాయిదీ అచ్చం నీ పోలికే కదా, మంగళవారమే వచ్చి దాన్ని నాచేత చేయించుకుని ల్యాబు సొరుగులో పెట్టుకుంది, నాకు దాచమని ఇచ్చిన అసలు కడ్డీనే నేను నీ చేతిలో పెట్టాను."