నాలుగు ఫ్లూట్ల స్టాండు

"ఇది ఫ్లూట్లు పెట్టుకునేదా, గొడుగులు పెట్టుకునేదా?" అంటూ విద్వాంసుడు మూడో స్టాండును కూడా చిటికెన వేలితో పక్కకు నెట్టాడు. వాయిద్యాల దుకాణదారు దాన్ని మళ్ళీ సరిగ్గా నిలబెట్టాడు.

విద్వాంసుడి చెల్లెలు మాత్రం దాని కాళ్ళు మడిచి, సంచిలో పడుతుందో లేదో చూసింది. ఇరవై ఏళ్ళుగా ప్రతి కచేరీలోనూ వెనక కూర్చుని, ఏ పాటకు ఏ ఫ్లూట్ కావాలో కనిపెట్టి అతనికి అందించేది ఆమే.

"చేతకానివాళ్ళ సరుకే ఇది. నువ్వుండగా నాకెందుకీ దిష్టిబొమ్మ?"

"నీకని ఎవరన్నారు అన్నయ్యా? నాకు."

"నీకా?" పకపకా నవ్వాడు. "నువ్వు వాయిస్తే వినేదెవరే?"

"ఆదివారం నా కచేరీ. టికెట్లన్నీ అయిపోయాయట. నాలుగు ఫ్లూట్లు పట్టేది కావాలి."

అతని నవ్వు సగంలో ఆగింది. ఆదివారం తనకూ కచేరీ ఉంది.

"మరి నాకెవరు అందిస్తారు?"

ఆమె స్టాండును బల్లమీద నిలబెట్టి, కదిపి చూస్తోంది.

ఈ మనిషి ఎప్పుడు సాధన చేసింది? ఒకే ఇంట్లో ఉంటూ ఒక్కనాడూ వినలేదే! అనుకున్నాడతను.

"అయ్యా, ఇలాంటిదే ఇంకొకటి ఉంది. తియ్యమంటారా?" అన్నాడు దుకాణదారు.

"తియ్యి" అన్నాడు విద్వాంసుడు, చెల్లెలి ముఖం చూడలేక.