ఏ వరసని రాయాలి?

“అత్తా, ఇట్టా కూచో” అంటూ అమలమ్మ ముసలామెను చెయ్యి పట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది. అన్న మరుక్షణం నాలిక కరుచుకుంది.

అప్పటికే వెంకటసుబ్బారావు వినేశాడు. విజయవాడ ఈ.ఎస్.ఐ. ఆఫీసులో కార్మికుల కుటుంబాలకి వైద్యం కార్డులు రాసే గుమస్తా ఆయన. కలం పక్కన పెట్టి, రాస్తున్న కాగితాన్ని పక్కకి నెట్టి, కళ్లజోడు పైనుంచి ఇద్దరినీ చూశాడు.

“ఇప్పుడేగా మా అమ్మ అని రాయించావు. ఇంతలోకే అత్త అయిందా?”

అమలమ్మ తల వంచుకుంది. నూలు మిల్లులో షిఫ్టు దిగి తిన్నగా వచ్చిన మనిషి. జుట్టుకి అంటిన దూది కూడా దులుపుకోలేదు.

“తప్పయిపోయిందండీ. మా అత్తేనండి. కడుపులో గడ్డ ఉంది, కోసి తియ్యాలన్నారు. కార్డుంటేనే మిల్లోళ్ల ఆసుపత్రిలో చేర్చుకుంటారంట. అమ్మయితే రాస్తారు, అత్తయితే రాయరని మా వాళ్లు చెప్పారండీ.”

“వాళ్లు చెప్పింది నిజమే. పనిచేసేవాళ్ల తల్లికే ఈ బీమా. అత్తగారికి లేదు.”

“నే చెప్పలా, ఎందుకే ఈ అబద్ధాలని!” అంది ముసలామె శౌరమ్మ. అరవై దాటిన ఆ మనిషి కడుపు మీద చెయ్యి అదిమిపెట్టుకుని, మూలుగు బయటికి రాకుండా పెదవి బిగపట్టి కూర్చుంది.

వెంకటసుబ్బారావుకి జాలేసింది. కానీ ఎమర్జెన్సీ రోజులు. తప్పుడు కాగితం మీద సంతకం పెట్టాడని తేలితే ఉద్యోగం ఊడటం ఖాయం. ఇంట్లో తనని నమ్ముకుని ఐదుగురున్నారు. కాసేపు ఆలోచించి అడిగాడు.

“నీ మొగుడేం చేస్తాడు?”

“మా మిల్లులోనేనండి. దూది బేళ్లు మోస్తాడు.”

“మరింకేం! అతని పేరు మీద రాయిస్తే సరిపోయె. కొడుకుండగా కోడలికెందుకీ తిప్పలు? ఎక్కడున్నాడు?”

“కింద రిక్షా దగ్గరున్నాడండీ. ఆయన్ని పిలవొద్దండి” అంది అమలమ్మ కంగారుగా. “ఆయన పేరు మీద కుదరదండీ.”

వెంకటసుబ్బారావుకి సంగతి అర్థమైపోయింది. ఇలాంటి కొడుకుల్ని చాలామందినే చూశాడు. కన్నతల్లి భారం పెళ్లాం మీద పడేసి తప్పించుకు తిరిగే రకం. ఆయనకి ఒళ్లు మండింది. లేచి వరండా పిట్టగోడ దగ్గరికి వెళ్లి, “ఏయ్, రిక్షా దగ్గర నుంచున్నాయనా! పైకి రా” అని కేకేశాడు.

అమలమ్మ మొగుడు అంతోని తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ పరుగున మెట్లెక్కి వచ్చాడు.

“ఏమయ్యా, అత్త కోసం నీ పెళ్లాం అబద్ధమాడటానిక్కూడా తెగించింది. నువ్వేమో కింద నుంచుని చోద్యం చూస్తున్నావు. ఆవిడ మా అమ్మ అని చెప్పుకోవడానికి నీకు నోరు రాదా?”

అంతోని భార్య వంక చూశాడు. ఆమె చూపు దించుకుంది.

“ఆమె మా అమ్మ కాదండి” అన్నాడు మెల్లగా. “మా అత్తగారండి.”

పక్క బల్లల దగ్గర టైపు చప్పుడు ఆగింది. అందరూ ఇటే చూస్తున్నారు.

“పెళ్లాం తన అత్తంటుంది, నువ్వు నీ అత్తంటావు! నన్ను చూస్తే వెర్రివాడిలా కనిపిస్తున్నానా? జబ్బు చేసేసరికి కన్నతల్లి అత్తగారైపోయిందిరా నీకు?”

శౌరమ్మ బల్ల పట్టుకుని మెల్లగా పైకి లేచింది.

“ఆ పిల్లోణ్ణేమీ అనకండి బాబుగారూ. అతన్ని కన్నతల్లి ఎప్పుడో పోయింది. నా కడుపున పుట్టినోడు ఇన్నయ్య. లారీ గుద్ది చచ్చిపోయాడు. అప్పటికి వాడి పెళ్లామైన ఈ పిల్లకి ఇరవై ఏళ్లు కూడా లేవు. పోదామంటే అమ్మా లేదు, నాన్నా లేడు. పొద్దస్తమానం గోడకానుకుని కూచునేది. చూళ్లేకపోయాను. నేనే సంబంధం వెతికి, కన్నకూతుర్లా గుళ్లోకి చెయ్యి పట్టుకు నడిపించుకెళ్లి, ఈ అంతోనికిచ్చి పెళ్లి చేశాను. దీనికి అత్తని, అతనికీ అత్తని. ఇద్దరూ నిజమే చెప్పారు.” ఊపిరి తీసుకుని వాళ్లిద్దరి వైపు తిరిగింది. “పదండ్రా పోదాం. నా మూలాన మీరెందుకు మాటలు పడటం?”

అమలమ్మ కదల్లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అంతోని వెళ్లి ముసలామె భుజం కింద చెయ్యి వేశాడు.

వెంకటసుబ్బారావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. పక్కకి నెట్టేసిన కాగితాన్ని దగ్గరికి లాక్కుని కింద సంతకం పెట్టాడు.

“కూర్చో పెద్దమ్మా. వేలిముద్ర వేసి వెళ్లు.”

“ఏమని రాశారండీ?” అంది అమలమ్మ బెదురుగా.

ఆయన తలెత్తకుండానే ముద్ర కొట్టాడు.

“ఇందాక మీ ఆయనే చెప్పాడుగా, ఆవిడ తనకి అత్తగారని. మొగుడికి అత్తగారంటే పెళ్లానికి తల్లేగా!”