మూడో బోరు

“ముందు నన్ను పాతిపెట్టండి. తర్వాత ఈ రాళ్లు కదపండి” అంది లోకో.

బోరు లారీకి అడ్డంగా, మోకాలెత్తు రాళ్ల కుప్పను ఆనుకుని కూర్చుందామె. వెనక ఆమె దూడలు దొడ్డి గోడ గండిలోంచి బయటికొచ్చి లారీ చక్రాల చుట్టూ తిరుగుతున్నాయి. వాటిని తోలే ఓపిక ఎవరికీ లేదు.

జపాన్ ఇంజనీరు ఇషికురా కాగితం మరోసారి చూసుకున్నాడు. నెల కిందట కొలతలవాళ్లు గుర్తించింది సరిగ్గా ఇక్కడే. ఇథియోపియాలోని ఈ బోరానా పల్లెలో ఇప్పటికే వేసిన రెండు బోర్లలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మిగిలిన డీజిల్ ఒక్క బోరుకే. ఇదీ పోతే పల్లె మొత్తం బతికిన ఆవుల్ని తోలుకుని వలస పోవాలి.

“ఏముందవ్వా ఇక్కడ?” అడిగాడు అడిస్ అబాబా నుంచి వచ్చిన దుబాసీ హెనోక్.

“నా కూతురు.”

హెనోక్ గొంతు తగ్గించి ఆ మాట ఇంజనీరుకు చెప్పాడు. ఇషికురా టోపీ తీశాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా తలలు దించుకున్నారు. పెద్దాయన గల్గాలో శాలువా ముఖం మీదికి లాక్కున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి.

హెనోక్ బతిమాలాడు. ఆవుల గురించి చెప్పాడు, పిల్లల గురించి చెప్పాడు. “నీ కూతురే బతికుంటే తప్పుకునేది కదవ్వా” అన్నాడు చివరికి.

“దాన్ని నువ్వు కన్నావా?”

హెనోక్ ఇంజనీరు వైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు.

లారీ నిలబడేంత చదును ఇంకొక్కచోటే ఉంది, వంద అడుగుల అవతల పల్లంలో. గల్గాలో మొదట్లో కొలతలవాళ్లకు ఆ పల్లమే చూపించాడు. వాళ్లు నవ్వి, కాగితంలో కూడా రాసుకోలేదు. ఇషికురా చాలాసేపు పల్లం వైపు చూశాడు. సమాధి మీద మాత్రం బోరు వెయ్యనని, లారీని పల్లంలోకి దింపించాడు.

నలభై మీటర్లు, తెల్ల దుమ్ము. డెబ్బై, అదే దుమ్ము. డీజిల్ ట్యాంకు అడుగు కనిపిస్తోందన్నాడు డ్రైవరు. లోకో పెదవులు బిగబట్టి గొట్టం వైపే చూస్తోంది. తొంభై దాటాక దుమ్ము నల్లబడింది. ఆ వెంటనే నీళ్లు ఎగజిమ్మాయి.

ఇషికురా మొదటి డబ్బా తనే మోసుకొచ్చాడు. కుప్ప మీద మెల్లగా పోసి, నడుం వంచి నమస్కరించాడు. లోకో అతని ముఖం చూడలేక తల తిప్పుకుంది.

లారీ కనుమరుగయ్యాక ఆ తడి రాళ్లన్నీ దొడ్డి గోడలో మళ్లీ పేర్చుకుంది.