పేరు మధ్యలో ఖాళీ

సోమవారం ఉదయం, గుణదలలో ఉష నడిపే ఫొటో స్టూడియో కంప్యూటర్లో 'రత్తమ్మ' అనే ఫోల్డర్ చెరిగిపోయింది. అందులో ఉన్నది చనిపోయిన రత్తమ్మ గొంతుతో ఉన్న ఒక వాయిస్ మెసేజ్. ఆవిడ పెద్దకర్మ వీడియోలో పెట్టమని భర్త సూరయ్య ఇచ్చాడు.

"'రత్తమ్మ పాతవి' అనే ఫోల్డర్ తీసెయ్యమని కంప్యూటర్‌కి స్క్రిప్టు రాశానక్కా," అన్నాడు స్టూడియోలో పనిచేసే చక్రి. "పేరు చుట్టూ కొటేషన్ మార్కులు పెట్టలేదు. మధ్యలో ఖాళీ ఉంది కదా, కంప్యూటర్ రెండు పేర్లనుకుంది. 'పాతవి' దొరకలేదు. 'రత్తమ్మ' దొరికింది."

"రికవరీ?"

"రాలేదక్కా. డిస్కులో అది ఉన్న చోట పెళ్ళి వీడియో ఎక్కింది."

ఉష ఎదురుగా కూర్చున్న సూరయ్య వైపు తిరిగింది. "మీ ఫోన్లో ఉందేమో చూడండి బాబాయ్ గారూ."

"ఫోన్ నిండిపోయిందంటే, ఇక్కడ భద్రంగా ఉంటుంది, తీసెయ్యమన్నావు కదమ్మా."

ఉష కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.

"ఆవిడ పోయాక నేను దాన్ని వినలేకపోయాను," అన్నాడు సూరయ్య. "నువ్వు విన్నావుగా. ఏమంది?"

"'కొల్లేటి మీద గాలి లేచింది. వల పోతే పోయింది, నువ్వు ఒడ్డుకి రా. కూర చల్లారిపోతోంది' అన్నారు."

"ఉత్త 'రా' అనదమ్మా. 'రావయ్యా' అంటది. కోపమొస్తేనే గౌరవం ఆవిడకి."

"అవునండీ. 'రావయ్యా' అనే అన్నారు."

సూరయ్య ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాడు.

"మళ్ళీ చెప్పమ్మా."

ఉష చెప్పింది. సూరయ్య దాన్ని రత్తమ్మ పేరుతో దాచుకున్నాడు.